క్వేకర్ల పుట్టింటికి ఐదు రోజులు

తిరిగొచ్చి మూడు రోజులైంది. బూట్లకి అంటిన బురద ఇంకా కడగలేదు. చూసినవన్నీ కళ్ల ముందు ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

ఇంగ్లండ్‌లో నేను క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ల మీటింగ్‌కి, అంటే ఆరాధనకి, వెళ్లడం మొదలుపెట్టి ఆరేళ్లు. పుట్టి పెరిగింది మాత్రం పాటలు, కంజీరలు, గంటకి తగ్గని ప్రసంగం ఉన్న తెలుగు చర్చిలో. నాన్న అక్కడ సంఘపెద్ద. ఇక్కడి క్వేకర్లకి పాస్టర్ ఉండరు. పాటలుండవు, నీళ్ల బాప్తిస్మం లేదు, ప్రభువు బల్ల లేదు. ఒక గదిలో చుట్టూ కుర్చీలు వేసుకుని గంటసేపు నిశ్శబ్దంగా కూర్చుంటాం. చెప్పక తప్పదనిపించే మాట ఎవరికైనా లోపల్నుంచి వస్తే లేచి చెప్పి కూర్చుంటారు. కొన్ని వారాలు ఎవరూ లేవరు. ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఉందని, ఆయన ఎవరితోనైనా నేరుగా మాట్లాడగలడని నమ్మకం.

ఇదంతా నాన్నకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "వాక్యం ఏం చెప్పారమ్మా?" అని అడుగుతారు. "బాగా జరిగింది నాన్నా" అంటాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడాలన్నది క్వేకర్లకి ప్రాణం లాంటి విషయం. అందుకే ఆ జవాబు ఆరేళ్లుగా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

వాయవ్య ఇంగ్లండ్‌లో ఈ విశ్వాసం పుట్టిన కొండలూ పల్లెలూ కలిపి క్వేకర్లు "1652 కంట్రీ" అంటారు. మా మీటింగ్‌లోని ఒక పెద్దావిడ తన చిన్న కారులో అక్కడికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఆవిడకి 76 ఏళ్లు, పుట్టుకతోనే క్వేకర్. క్వేకర్లలో సార్, మేడమ్ ఉండవు, ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి. ఆవిడని అలా పిలవడానికి నాకు ఆరేళ్లలో ఒక్కసారీ నోరు రాలేదు.

జూన్ 12, గురువారం: పెండిల్ కొండ

లాంకషైర్‌లో బార్లీ అనే చిన్న ఊరు. కొండెక్కేవాళ్లంతా అక్కడే బండి ఆపుకుంటారు. దారి పొడుగునా చీపురు మీద ఎగిరే మంత్రగత్తె బొమ్మలే. 1612లో ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్లని చేతబడి చేశారని పట్టుకుని పది మందిని ఉరి తీశారు. ఇప్పుడు అది టూరిస్టుల సరదా అయిపోయింది. నాకు అటు చూడబుద్ధి కాలేదు. ఉరి తీసినవాళ్లలో ఎక్కువమంది బీదవాళ్లే.

ఆ తర్వాత నలభై ఏళ్లకి, 1652లో, జార్జ్ ఫాక్స్ అనే 27 ఏళ్ల కుర్రాడు ఈ కొండెక్కాడు. నేతపనివాడి కొడుకు, చెప్పులు కుట్టే పని నేర్చుకున్నవాడు. ఊరూరా తిరిగి పాస్టర్లందర్నీ అడిగినా తన లోపలి బాధకి మందు దొరకలేదు. చివరికి ఆ జవాబు తన లోపల్నుంచే వినిపించిందని చెప్పుకున్నాడు. పెండిల్ కొండ మీద నుంచి అతనికి సముద్రం కనిపించింది. దాంతోపాటు, ఒకచోట చేరబోయే గొప్ప జనసమూహం కూడా కనిపించిందట.

మాకు మాత్రం పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. ఎత్తు 557 మీటర్లే కానీ చివరి మెట్లు బాగా నిటారు. పైకి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ పట్టా తీసి పరిచి "కాసేపు కూర్చుందాం" అన్నారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. గాలి చప్పుడు, ఎక్కడో ఒక గొర్రె దగ్గు.

లేచి నాలుగడుగులు వేశానో లేదో, వెనక్కి చూస్తే ఆవిడ లేరు. రెండుసార్లు "హలో" అన్నాను. జవాబు లేదు. మూడోసారి పేరు పెట్టి గట్టిగా అరిచాను. మంచులోంచి నింపాదిగా "ఇక్కడే ఉన్నాను" అని వినిపించింది. షూ లేసు కట్టుకుంటున్నారట. దగ్గరికొచ్చాక "నా పేరు నీకు తెలుసన్నమాట" అని నా చెయ్యి పట్టుకున్నారు.

దిగేటప్పుడు దారి తప్పాం. మెట్ల వైపు అనుకుని ఇంకో పక్కకి దిగిపోయాం. పరుగు ప్రాక్టీసు చేస్తున్న ఒకాయన ఆగి, తన పరుగు మానుకుని, కింద ఆగ్డెన్ రిజర్వాయర్ పక్కన బండిదారి కనిపించేదాకా మాతో నడిచారు. గంటన్నర ఎక్కువ పట్టింది. ఊళ్లోకి వచ్చి ఒక పబ్‌లో చీజ్, ఉల్లిపాయ కూరిన "పై" అనే వంటకం తిన్నాం, ఒక్కొక్కటి 13 పౌండ్ల 95 పెన్నీలు. పైన పెళుసుగా, లోపల వేడివేడిగా చీజ్ కరుగుతూ, వానలో తడిసొచ్చినవాళ్లకి అంతకంటే ఏం కావాలి! ఆవిడ సూప్ కూడా చెప్పారు. గిన్నెలు తీసే అమ్మాయి "అంతా బాగుందా?" అని అడిగింది. మామూలుగా అందరం తల ఊపేస్తాం. ఆవిడ మాత్రం నవ్వుతూ "పై చాలా బాగుంది. సూప్ చల్లారిపోయింది" అన్నారు. అమ్మాయి నొచ్చుకోలేదు. వేడిచేసి మళ్లీ తెచ్చింది. నిజాన్ని అంత మెత్తగా చెప్పడం అభ్యాసం మీదే వస్తుంది. నాకింకా రాలేదు.

రాత్రి ఆవిడ చిన్న నోటుబుక్ తీసి ఆ రోజు ఖర్చు పెన్నీలతో సహా రాశారు. నేను ఆవిడకి 18 పెన్నీలు బాకీ.

జూన్ 13, శుక్రవారం: ఫర్‌బ్యాంక్ ఫెల్

1652లో ఇదే తేదీన ఫాక్స్ ఈ కొండ మీది ఒక రాయెక్కి దాదాపు వెయ్యి మందితో మూడు గంటలు మాట్లాడాడు. చాలామంది ఆ రోజునే క్వేకర్ల పుట్టుకగా లెక్కేస్తారు.

అక్కడికి చేరడమే పెద్ద పని అయింది. సెడ్‌బర్ అనే ఊరి నుంచి బయల్దేరాక ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని ఒక రైతు పెరట్లోకి తీసుకెళ్లి "గమ్యం చేరారు" అంది. రెండు వైపులా రాతి గోడలు, ఒక్క కారు మాత్రమే పట్టే సందు. రైతు తన నాలుగు చక్రాల బైకు మీద ఎదురొచ్చారు. నాకు టెన్షన్, తిడతారేమోనని. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని "రాయి కోసమా?" అన్నారు. వెనక్కి వెళ్లి రెండో గేటు దగ్గర కుడికి తిరగమని చెప్పి, మా కారు గోడకి రాసుకోకుండా ముందుండి చేత్తో సైగలు చేస్తూ వెనక్కి తీయించారు.

రాయి రోడ్డు పక్కనే, చిన్న కొండచరియలా ఉంది. ఒకప్పుడు అక్కడ ఉండిన చాపెల్ ఇప్పుడు లేదు, గోడ కట్టిన పాత సమాధుల తోట మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో చర్చి పక్కనుండగా బయట కొండ మీద బోధించడమేంటని కొందరు ఆశ్చర్యపోయారట. రాతికి బిగించిన ఫలకం మీద మొదటి మాట "మీ జీవితాలనే మాట్లాడనివ్వండి".

ఆ మాట ముందు చాలాసేపు నిలబడ్డాను. మా తెలుగు చర్చిలో సాక్ష్యం అంటే లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు చెప్పడం. చిన్నప్పుడు నేనూ చెప్పేదాన్ని, నాన్న కళ్లు మెరిసేవి. క్వేకర్లూ అదే మాట వాడతారు కానీ దాని అర్థం వేరు. నిరాడంబరత, సత్యం, సమానత్వం, శాంతి, ఇవి వాళ్ల సాక్ష్యాలు. వాటిని చెప్పడం ఉండదు, సోమవారం నుంచి శనివారం దాకా చేసి చూపించాలి.

రాతి నీడన కూర్చుని బ్రెడ్డూ గుడ్డూ తింటూ సమానత్వం గురించి మాట్లాడుకున్నాం. ఆ కాలపు ఇంగ్లీషులో కూడా మన నువ్వు, మీరు లాంటి తేడా ఉండేది. తక్కువవాళ్లని "దౌ", గొప్పవాళ్లని "యూ". ఫాక్స్ మనుషులు జడ్జినీ పాలేరునీ కూడా "దౌ" అన్నారు, ఎవరి ముందూ టోపీ తీయలేదు. అందుకు దెబ్బలు తిన్నారు, జైళ్లకి పోయారు. ఇప్పటి ఇంగ్లీషు వాళ్లకి ఆ ధైర్యం ఎంతటిదో వివరించి చెప్పాలి. మనకి అక్కర్లేదు. కోర్టులో జడ్జిగారిని "ఏం నువ్వు ఇలా అంటున్నావు?" అని అడగడం ఒక్కసారి ఊహించుకుంటే చాలు.

అదే సమానత్వాన్ని నేను తెలుగులో తిరగేసి పాటిస్తాను, అందరికీ మీరు. ఇంటికి వెళ్లినప్పుడు అంట్లు తోమడానికి వచ్చే ఆవిడని "మీరు కాఫీ తాగారా?" అన్నాను. అమ్మ వంటగదిలోంచి తొంగి చూసింది. ఆ ఆవిడ రెండు రోజులు ఇబ్బంది పడి, మూడో రోజు నాతో కూర్చుని కాఫీ తాగింది.

నాతో వచ్చిన పెద్దావిడ వాళ్ల నాన్న గురించి కూడా ఆ రాతి దగ్గరే చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన, యుద్ధానికి రామన్నవాళ్లని విచారించే ట్రిబ్యునల్ ముందు నిలబడి తుపాకి పట్టనన్నారు. క్వేకర్లు మొదలుపెట్టిన ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్‌లో చేరి, గాయపడ్డవాళ్లని మోశారు. "ఇంటికొచ్చాక ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మా వీధిలో కొందరు ఆయనతో చాలా ఏళ్లు మాట్లాడలేదు" అన్నారు. తర్వాత ఇద్దరం ఏమీ అనలేదు.

జూన్ 14, శనివారం: కెండల్

కెండల్‌లో పాత మీటింగ్ హౌస్‌లోనే క్వేకర్ టాపెస్ట్రీ మ్యూజియం ఉంది. ఉన్ని బట్ట మీద ఉన్నిదారాలతో కుట్టిన 77 పలకలు, వాటిలో కొన్నే ఒకసారికి పెడతారు. 1981లో మొదలుపెడితే 1996కి పూర్తయింది. 15 దేశాల నుంచి 4,000 మంది చేతులు పడ్డాయి. అక్షరాలు కుట్టడానికి ఈ పని కోసమే ఒక కొత్త కుట్టు కనిపెట్టారు, దాన్ని క్వేకర్ స్టిచ్ అంటారు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వెళ్లి చూశాను. ఒక అక్షరంలో కుట్లు బియ్యపు గింజలు పేర్చినట్టున్నాయి. పక్క అక్షరం కాస్త వంకర. ఎవరో కుట్టు చేతకాని మనిషి కుట్టి ఉంటారు. దాన్ని విప్పి సరిచేయలేదు, అలాగే ఉంచారు.

ఈ ఊరి పేరుతోనే కెండల్ ఫండ్ అని ఉండేది. 1654 నుంచి ఊరూరా తిరిగి బోధించేవాళ్లకీ జైల్లో ఉన్నవాళ్లకీ ఖర్చులు అందించడానికి పెట్టుకున్న డబ్బు. ఆ లెక్కల్లో బూట్లకింత, బట్టలకింత అని ఉంటుంది. ఆవిడ నోటుబుక్ ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం సెడ్‌బర్‌లో నిమ్మకాయలు కొన్నాను, నాలుగు 1 పౌండ్ 60. మర్నాటి కోసం.

జూన్ 15, ఆదివారం: బ్రిగ్‌ఫ్లాట్స్

బస నుంచి మైలున్నర నడక. సందు చివర తెల్లసున్నం కొట్టిన రాతి ఇల్లు, ద్వారం మీద 1675. ఇంగ్లండ్ ఉత్తరాన ఇదే అన్నిటికంటే పాత క్వేకర్ మీటింగ్ హౌస్. ఇలా కూడుకోవడమే చట్టవిరుద్ధమైన రోజుల్లో చుట్టుపక్కల క్వేకర్లు కట్టుకున్నారు. లోపల నల్లబడిన ఓక్ చెక్క, బెంచీలు, పైన గ్యాలరీ. మెట్ల కింద చిన్న కటకటాలతో ఒక దొడ్డి ఉంది. అదేంటని అడిగితే ఒక పెద్దాయన చెప్పారు: గొర్రెలు కాసే రైతులు తమ కుక్కల్ని తెచ్చుకునేవారు, మీటింగ్ అయ్యేదాకా అవి అందులో ఉండేవి. దాని పైచెక్క నున్నగా అరిగిపోయి ఉంది. నేను వేళ్లతో తడిమి చూశాను. దేవుడి దగ్గరికి వచ్చేటప్పుడు ఇంటి దగ్గర పనిని వదిలేసి రానక్కర్లేదని ఈ దొడ్డి చూశాక గట్టిగా నమ్మకం కుదిరింది.

పదిన్నరకి పదిహేను మందిమి కూర్చున్నాం. మొదటి పది నిమిషాలు నా బుర్రలో ఎప్పటిలాగే సంత. ఆఫీసు మెయిల్, నిమ్మకాయ పులిహోరలో ఉప్పు, నాన్న ఫోన్. ఆ ఆలోచనల్ని నెట్టేయకూడదని ఆరేళ్లలో నేర్చుకున్నాను. వాటిని రానిచ్చి, పోనివ్వాలి. తర్వాత ఒకచోట మనిషి ఊపిరి నెమ్మదిస్తుంది. పక్కవాళ్ల ఊపిరీ నెమ్మదిస్తుంది. గది మొత్తం ఒక్క మనిషిలా అయిపోయే ఆ క్షణాన్ని ఒంటరిగా ధ్యానం చేసి నేనెప్పుడూ అందుకోలేదు. బయట ఒక గొర్రెపిల్ల తల్లిని పిలుస్తూనే ఉంది. గోడ గడియారం చప్పుడు.

నలభై నిమిషాలకి ఎదురుగా ఉన్న ఒకావిడ లేచి, చిన్న ఎర్ర పుస్తకంలోంచి ఒకే వాక్యం చదివారు. క్వేకర్లకి సిద్ధాంత ప్రమాణం లేదు, తమని తాము అడుక్కోవడానికి 42 సూచనలూ ప్రశ్నలూ ఉన్నాయి. అందులో 17వ దానిలోది: "మీరు పొరబడి ఉండవచ్చేమో ఆలోచించండి." చదివి కూర్చున్నారు.

నాన్న అర్థం చేసుకోరని ఆరేళ్ల కిందట నేనే తీర్పు ఇచ్చేశాను. ఆయన్ని అడగను కూడా అడగలేదు. ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఉందంటూ నాన్నని మాత్రం ఆ లెక్కలోంచి తీసేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ నా వైపు చూడలేదు.

పదకొండున్నరకి ఇద్దరు పెద్దలు చేతులు కలిపారు, మీటింగ్ అయినట్టు. అందరం పక్కవాళ్లతో చేతులు కలిపాం. తర్వాత టీ, బిస్కెట్లు, ప్రకటనలు. ఎవరింటి నుంచి తెచ్చిన వంటలు వాళ్లు బల్ల మీద పెట్టారు. నా పులిహోర గిన్నె ముందు అదే పెద్దాయన ఆగి పల్లీలు చూపించి "ఇవి ఎందుకు?" అన్నారు. "కరకర కోసం" అన్నాను. రెండోసారి వేసుకున్నారు.

గిన్నెలు తుడుస్తూ ఒకావిడ మా మీటింగ్ గురించి అడిగితే బాయిలర్ సంగతి చెప్పాను. పాత గ్యాస్ బాయిలర్ మార్చాలా, హీట్ పంప్ పెట్టాలా అని మాకు మూడు మీటింగ్‌లు పట్టింది. క్వేకర్లు ఓటు వేయరు. ఒకరు మాట్లాడాక కాసేపు మౌనం, తర్వాత ఇంకొకరు. మీటింగ్ నడిపే క్లర్క్ అక్కడికక్కడే తీర్మానం రాసి చదువుతారు, అందరి మనసూ అదే అనిపించేదాకా మారుస్తారు. ఓపిక చాలా కావాలి. కానీ ఓడిపోయామని ఒక్కరూ ఇంటికి వెళ్లరు. చర్చి కమిటీ ఎన్నికల తర్వాత రెండేళ్లు మాట్లాడుకోని కుటుంబాల్ని చూసి పెరిగినదాన్ని నేను, దాని విలువ నాకు తెలుసు.

వెనకాల సమాధుల తోటలో రాళ్లన్నీ చిన్నవి, ఒకేలాంటివి. పేరు, తేదీలు, అంతే.

మధ్యాహ్నం మూడున్నరకి, ఇండియాలో రాత్రి ఎనిమిదికి, నాన్న ఫోన్.

"వాక్యం ఏం చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా. మా దగ్గర వాక్యం చెప్పేవాళ్లు ఉండరు. మౌనంగా కూర్చుంటాం."

"పాస్టర్ గారు రాలేదా?"

"పాస్టరే ఉండరు నాన్నా. మొదటినుంచీ అంతే."

"ఆరేళ్లుగానా?"

"ఆరేళ్లుగా."

కాసేపు ఏమీ వినపడలేదు. "సరే. మందు వేసుకోవాలి" అని పెట్టేశారు.

జూన్ 16, సోమవారం: స్వార్త్‌మూర్ హాల్

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అల్వర్‌స్టన్ ఊరి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

స్వార్త్‌మూర్ హాల్ పెద్ద రాతి ఇల్లు. జడ్జి థామస్ ఫెల్, మార్గరెట్ ఫెల్ దంపతులది. 1652 వేసవిలో జడ్జిగారు ఊళ్లో లేనప్పుడు ఫాక్స్ ఇక్కడికి వచ్చాడు. అల్వర్‌స్టన్ చర్చిలో లేచి "క్రీస్తు ఇలా అన్నాడంటారు, అపొస్తలులు ఇలా అన్నారంటారు, మరి నువ్వేం చెప్పగలవు?" అని అడిగాడు. మార్గరెట్ తన బెంచీలోనే నిలబడిపోయి, తర్వాత కూర్చుని ఏడ్చింది. ఇంటిల్లిపాదీ మారిపోయారు. జడ్జిగారు సముద్రం ఇసుకతిన్నెల మీదుగా తిరిగొస్తుంటే ఊరి పెద్దమనుషులు ఎదురెళ్లి, మీ ఇంటివాళ్లని ఎవడో మాయ చేశాడని చెప్పారు. పది మందిని ఉరితీసిన ఆ విచారణ అయి నలభై ఏళ్లే. ఆ మాటకి అప్పట్లో ఎంత బరువుందో పెండిల్ చూసొచ్చినవాళ్లకి తెలుస్తుంది.

జడ్జిగారు కోపంగానే వచ్చారు. కానీ ఫాక్స్ మాట విన్నారు. మీటింగ్ తన ఇంట్లోనే పెట్టుకోమన్నారు. తాను మాత్రం చేరలేదు. హాల్లో అందరూ కూర్చుంటే ఆయన పక్కగదిలో తలుపు తెరిచి ఉంచుకుని వినేవారట. 1658లో పోయేదాకా అంతే.

ఆ తలుపు దగ్గర నేను నిలబడ్డాను. గుమ్మం వెడల్పుగా లేదు. అక్కడ కుర్చీ వేసుకుంటే హాల్లో గుసగుస కూడా వినిపిస్తుంది.

జడ్జి అండ పోయాక 1664లో మార్గరెట్‌ని లాంకస్టర్ కోటలో జైల్లో పెట్టారు. రాజుకి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయనందుకు, ఇంట్లో మీటింగ్‌లు పెట్టినందుకు. ఒక రోజు ప్రమాణం చేసి నిజం చెప్తే మిగతా రోజులు అబద్ధమనే కదా అని క్వేకర్ల వాదన. నాలుగేళ్లు ఉంది. 1666లో ఆ జైల్లోంచే, ఆడవాళ్లు సంఘంలో మాట్లాడవచ్చని బైబిల్ ఆధారాలతో రాసింది. నాకు పౌరసత్వం ఇచ్చిన రోజు దేవుడి మీద ప్రమాణమా, ఉత్త ధ్రువీకరణా అని అడిగారు. ధ్రువీకరణ అన్నాను. అర నిమిషంలో అయిపోయింది. ఆ అర నిమిషం వెనక ఈవిడ నాలుగేళ్లు ఉన్నాయి.

తోటలో టీ, స్కోన్ మీద డామ్సన్ జామ్, ఇద్దరికీ కలిపి 11 పౌండ్ల 20. నోటుబుక్‌లో చివరి లెక్క, పెట్రోలుకి నా వాటా 41 పౌండ్ల 30 పెన్నీలు. పెండిల్ నాటి 18 పెన్నీలూ అందులో కలిపారు.

ఇంటి దారిలో మోటర్‌వే పక్కన ఆగాం. సాయంత్రం ఆరు, అక్కడ రాత్రి పదిన్నర. నాన్న తొమ్మిదికే పడుకుంటారు. ఫోన్ మోగింది, ఆయనే.

"మీరు అలా కూర్చున్నప్పుడు కళ్లు మూసుకుంటారా, తెరుచుకునే ఉంటారా?"

"కొందరు మూసుకుంటారు నాన్నా. నేను తెరుచుకునే ఉంటాను."

"ఎందుకని?"

ఆవిడ కారు తలుపు తీయబోయి నా మొహం చూశారు. తాళాలు మళ్లీ సంచిలో వేసుకుని, తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపి, గట్టు మీద కూర్చున్నారు.